తెగిందా, తెంచారా: పిట్స్‌బర్గ్ నుంచి రాస్తున్న అమ్మాయికి ఒక ఉత్తరం

అమ్మాయ్,

అమెరికా పరిశ్రమల చరిత్ర మీద నువ్వు రాసిన వ్యాసం మా మనవడు ప్రింటు తీసిచ్చాడు, 22 పేజీలు. మొన్న రాత్రి భోంచేసి కూర్చుని మొదలెట్టా. కష్టపడ్డావు, తెలుస్తోంది. ఏడో పేజీ దాకా బానే సాగింది, అక్కడ ఆగిపోయా. కోపం వచ్చి కాయితాలు పక్కన పడేసి లైటు తీసేశా, నిద్ర పట్టలేదు, మళ్ళీ లేచి అదే పేజీ చదివా. నీ వాక్యాలు నీకే చూపిస్తున్నా చూడు: "1892లో హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారంలో సమ్మె అణచివేయబడింది. ఈ ఘర్షణలో పలువురు కార్మికులు చంపబడ్డారు."

ఎవరు అణిచారమ్మా? ఎవరు చంపారు?

నీకు తెలీక కాదు. పై పేరాలో ఆ మిల్లు నడిపిన ఫ్రిక్ పేరు ఉంది, అతను అద్దెకి తెచ్చుకున్న ప్రైవేటు కాపలా కంపెనీ పింకర్టన్ మనుషులున్నారు, తుపాకులున్నాయి. కింద పేరాలో చావులున్నాయి. మధ్యలో ఈ "బడింది" అన్న గోడ కట్టావు, ఇటు వాళ్ళు ఇటే, అటు వాళ్ళు అటే ఉండిపోయారు. నువ్వు ఉత్తరం చివర ఐదు ప్రశ్నలడిగావు, ఏ పత్రికకి పంపాలి, ఇంగ్లీషులో కూడా రాయాలా, టైటిల్ బావుందా, ఇంకా ఏవో. నాకిప్పుడు వాటి మీద మనసు లేదు. ఈ "బడింది" సంగతి తేలితే తప్ప నేను ముందుకి పోలేను.

మన ఇళ్ళలో చిన్నప్పుడు గ్లాసు కిందపడి ముక్కలైతే అమ్మ ఏమడుగుతుంది? "పగిలిందా, పగలగొట్టావా?" అని. ప్రతి తెలుగు పిల్లా ఆ ప్రశ్నకి నిలబడి జవాబు చెప్పినవాళ్ళే. మన భాషలో మాటలు అలా జంటలుగా పుట్టాయి. తెగింది, తెంచారు. కూలింది, కూల్చారు. కాలింది, కాల్చారు. మునిగింది, ముంచారు. ఆగింది, ఆపారు. ఏది రాయాలో ఎంచుకునే ముందు మనిషి ఒక్క క్షణం ఆగి, అక్కడ చెయ్యి ఉందా లేదా అని చూసుకోవాల్సిందే, భాషే చూసుకోమంటుంది. ఈ "బడు" వచ్చి ఆ పని లేకుండా చేసింది. గవర్నమెంటు ఆర్డర్ల నుంచి వచ్చింది, ఇంగ్లీషు ఏజెన్సీ వార్తల్ని అర్ధరాత్రి హడావుడిగా తెలుగు చేసే డెస్కుల నుంచి వచ్చింది, అక్కడ కొన్నాళ్ళు కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఎడిటర్లు అదే మంచి తెలుగన్నారు, గంభీరంగా ఉంటుందన్నారు. మీ తరానికి అది అలవాటైపోయింది. మీ అమ్మ ఎప్పుడైనా "అన్నం వండబడింది, రండి" అని పిలిచిందా?

ఇది నాకు వ్యాకరణం గొడవ కాదు. ఎందుకు కాదో చెప్తా.

మా మేనమామ జనపనార మిల్లులో పనిచేసేవాడు, విజయనగరం వైపు. సాఫ్ట్‌నర్ మిషను మీద. నారని మెత్తబరచడానికి బరువైన రోలర్ల మధ్య నుంచి పోనిస్తారు, ముందు ఒక ఇనప గార్డు ఉంటుంది చెయ్యి లోపలికి పోకుండా. పని తొందరగా సాగట్లేదని షిఫ్టు ఇన్‌ఛార్జి ఆ గార్డు తీయించేశాడు. తీయించి పది రోజులైంది. పదకొండో రోజు మామయ్య కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. నేనప్పుడు ఒక పేపర్లో కొత్తగా సబ్ ఎడిటర్‌గా చేరా, నైట్ డ్యూటీ. ఆ వార్త నేనే రాశా. గార్డు ఎవరు తీయించారో, ఎన్నాళ్ళయిందో, అంతా రాశా, ఎనిమిది లైన్లు. తెల్లారి పేపర్లో రెండు లైన్లొచ్చాయి: "మిల్లులో ప్రమాదవశాత్తు కార్మికుడి వేళ్లు తెగిపోయాయి." మా న్యూస్ ఎడిటర్ మార్చాడు. అడిగితే, వార్త అంటే జరిగింది రాయాలి, ఎవరు చేశారో కోర్టు చూసుకుంటుంది అన్నాడు. నష్టపరిహారం మాట్లాడ్డానికి మామయ్య ఆఫీసుకెళ్తే, పేపర్లో కూడా ప్రమాదవశాత్తు అనే వచ్చింది కదా అని ఆ ముక్క చూపించారట. నా పేపరే, నా వార్తే. ఆసుపత్రికి వెళ్తే మామయ్య కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, కోప్పడలేదు, మెల్లిగా అడిగాడు: "తెగిపోయాయని రాశావేంట్రా? వాటంతటవే తెగిపోయాయా?"

యాభై ఏళ్ళు దాటింది. ఆ మాట నన్ను వదల్లేదు, నా పుస్తకాలన్నీ ఆ మాటకి జవాబు చెప్పుకోవడానికే రాశా.

ఇప్పుడు నీ అయిదో పేజీ తియ్యి. జాన్స్‌టౌన్. "1889 మే 31న సౌత్ ఫోర్క్ ఆనకట్ట తెగిపోవడంతో 2,209 మంది మరణించారు" అని ఒక్క వాక్యంలో దాటేశావు. మీ ఊరికి ఒకటిన్నర గంట డ్రైవు. ఆనకట్ట తెగిందా, తెంచారా? గొడ్డలి పట్టుకెళ్ళి ఎవరూ నరకలేదు, నిజమే, కుండపోత వాన కురిసింది, అదీ నిజమే. కానీ ఆ ఆనకట్ట ఎవరిదో రాయలేదు నువ్వు. పిట్స్‌బర్గ్ పెద్దమనుషులు వేసవి విడిదికి పెట్టుకున్న ఫిషింగ్ క్లబ్బుది. ఫ్రిక్ అందులో మెంబరు, హోమ్‌స్టెడ్ మిల్లు యజమాని కార్నెగీ మెంబరు. అడుగున నీళ్ళు వదలడానికి ఉండాల్సిన ఇనప పైపుల్ని అంతకుముందు యజమాని పీకించి పాత ఇనుము కింద అమ్మేసుకున్నాడు, క్లబ్బు వాళ్ళు మళ్ళీ పెట్టించలేదు. గట్టు మీద ఎదురెదురుగా రెండు బగ్గీలు పట్టాలని గట్టు ఎత్తు తగ్గించారు. చెరువులో వదిలిన చేపలు పారిపోకూడదని మిగులు నీళ్ళు పోయే దారికి అడ్డంగా జాలీలు బిగించారు, వానకి కొట్టుకొచ్చిన చెత్తంతా వాటికి తట్టుకుంది. కింద లోయలో ఉక్కు మిల్లు, ఆ మిల్లు చుట్టూ వెల్ష్, జర్మన్, ఐరిష్ వాళ్ళ ఇళ్ళు. తర్వాత కోర్టులకి వెళ్తే క్లబ్బుది బాధ్యత కాదన్నారు, దైవఘటన అన్నారు. ఒక్కళ్ళకి ఒక్క డాలర్ శిక్ష పడలేదు. చూశావా, "తెగింది" అన్న మాట ఎంత పని చేసిందో? మామయ్య వేళ్ళ దగ్గర చేసిన పనే అక్కడా చేసింది. పైపులు అమ్మాడు, మళ్ళీ పెట్టించలేదు, గట్టు దించారు, జాలీలు కట్టారు, నాలుగు వాక్యాలు చాలు, నీ సంఖ్య అలాగే ఉంచు, కానీ ఆ నాలుగు వాక్యాల తర్వాత రావాలి.

రైలు మార్గం గురించి కూడా చెప్పాలి, అక్కడ నువ్వు ఇంకా పెద్ద పొరపాటు చేశావు. "1869 నాటికి ఖండాంతర రైలు మార్గం నిర్మించబడింది." కాలిఫోర్నియా వైపు నుంచి సియెర్రా కొండలు తొలిచి పట్టాలేసుకుంటూ వచ్చిన సెంట్రల్ పసిఫిక్ కంపెనీలో పదిమందిలో తొమ్మిదిమంది చైనా వాళ్ళు. నెలకి 30, 35 డాలర్లు, తిండి వాళ్ళదే. తెల్లవాళ్ళకి తిండి కంపెనీదే. 1867 జూన్‌లో మూడు వేలమంది పనిముట్లు కింద పెట్టారు, జీతం పెంచాలని, సొరంగాల్లో గంటలు తగ్గించాలని. కంపెనీ తరఫున ఆ పనులు చేయించే క్రాకర్ అనే అతను ఏం చేశాడు? వాళ్ళ బియ్యం ఆపేశాడు. కొండ మీద, కొట్లు లేని చోట, తిండి బళ్ళు రానివ్వలేదు. వారం రోజుల్లో పనిలోకి దిగారు. "సమ్మె విరమించబడింది" అని నువ్వు రాస్తావు కదూ?

కంపెనీ జీతాల పుస్తకాల్లో ఆ మనుషుల పేర్లు లేవు. గుంపుకొక పెద్ద, ఆ పెద్ద పేరు, ఇంతమంది, ఇంత డబ్బు, అంతే. ఆ మాట చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే మా తాత రంగూన్ రేవులో మేస్త్రీ కింద బస్తాలు మోశాడు, మా వైపు నుంచి వేలమంది అలాగే పోయారు, మేస్త్రీ అడ్వాన్సిచ్చి ఓడ ఎక్కిస్తాడు, మేస్త్రీ లెక్క రాసుకుంటాడు, కూలి మేస్త్రీ చేతికే వస్తుంది. మా తాత పేరు ఏ కాయితం మీదైనా ఉందేమోనని చాలా ఏళ్ళు అడిగా, దొరకలేదు. ఇంకో సంగతి విను. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు, అంటే ఆ రైలు కంపెనీ ప్రెసిడెంటు కట్టించిన యూనివర్సిటీయే, ఏళ్ళ తరబడి వెతికారు, అమెరికాలో వెతికారు, చైనాలో వెతికారు, ఆ కూలీల్లో ఒక్కడు రాసిన ఒక్క ఉత్తరం కూడా దొరకలేదు. ఇంటికి రాయకుండా ఉంటారా? రాశారు, రాసే ఉంటారు. ఒక్కటి మిగల్లేదు. ఆ తర్వాత 1882లో చట్టం చేసి అసలు చైనా కూలీలే రావద్దన్నారు, 1943 దాకా ఎత్తలేదు. మనలాంటి వాళ్ళకి ఇక్కడ పనుంది తల్లీ. చేసినవాడి పేరు పుస్తకంలో లేదు, ఉత్తరం లేదు, కనీసం నీ వాక్యంలోనైనా కర్తగా వాణ్ణి నిలబెట్టు. "చైనా కూలీలు కొండ తొలిచారు." ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఏం అడ్డొచ్చింది నీకు?

హోమ్‌స్టెడ్‌కి వస్తున్నా. అది నీ వ్యాసానికి గుండెకాయ, దాన్నే పాడుచేశావు. మొదటినుంచి ఎవరేం చేశారో వరసగా చెప్పుకుందాం, నువ్వు పెన్సిల్ పట్టుకుని పక్కన రాసుకో.

కార్నెగీ ఆ మిల్లు 1883లో కొన్నాడు. 1892 నాటికి 3,800 మంది పనిచేస్తున్నారు, యూనియన్‌లో ఉన్నది పనితనం తెలిసిన ఏడెనిమిది వందలమందే. మిగతా వాళ్ళు ఎక్కువగా స్లోవాక్‌లు, హంగరీ వైపు నుంచి వచ్చినవాళ్ళు, గంటకి 14 సెంట్లు. యూనియన్ వాళ్ళ కూలి ఉక్కు దిమ్మెల ధరని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది, ఎంత పడిపోయినా టన్నుకి 25 డాలర్ల లెక్క కింద మాత్రం కట్టకూడదని ఒప్పందం. ఫ్రిక్ దాన్ని 22కి దించుతానన్నాడు, చివరికి 23 అన్నాడు. యూనియన్ 24కి దిగింది. ఒక్క డాలర్ దగ్గర ఆగింది. ఇంకో షరతు ఉంది, నువ్వు వదిలేశావు, నాకు అదే ముఖ్యం: ఒప్పందం గడువు జూన్ నుంచి డిసెంబర్‌కి మార్చాలన్నాడు. ఎందుకు? జూన్‌లో సమ్మె చేస్తే మనిషి బతుకుతాడు. డిసెంబర్‌లో, ఆ మంచులో, జీతం లేకుండా, పొయ్యిలో బొగ్గు లేకుండా పిల్లల్ని పెట్టుకుని ఎన్నాళ్ళు నిలబడతాడు? గడువు తారీఖు మార్చడం కూడా ఒక దెబ్బే, అది కొట్టిన చెయ్యి ఎవరిదో రాయి.

మిల్లు చుట్టూ ఫ్రిక్ కంచె కట్టించాడు, పైన ముళ్ళతీగ. ఆ జనం దానికి ఫోర్ట్ ఫ్రిక్ అని పేరు పెట్టారు. యూనియన్ వాళ్ళని బయటికి నెట్టి గేట్లేశాడు. అప్పుడు ఆ స్లోవాక్ కూలీలు, యూనియన్‌లో చోటు కూడా లేనివాళ్ళు, మీటింగ్‌కి వచ్చి మేమూ మీతోనే అన్నారు. ఈ వాక్యం నీ 22 పేజీల్లో లేదు. వలసదారులు చవగ్గా దొరికారు, సమ్మెలు విరగ్గొట్టడానికి "ఉపయోగించబడ్డారు" అని మాత్రం రెండుసార్లుంది. ఉపయోగించినవాడు లేడు, నిలబడిన వలసదారుడూ లేడు.

జూలై 5 రాత్రి 300 మంది పింకర్టన్ మనుషుల్ని రెండు పడవల్లో ఎక్కించి మొనాంగహీలా నది మీద పైకి తెచ్చారు. వాళ్ళలో చాలామంది పనిలేక చేరిన కుర్రాళ్ళు, ఎక్కడికి తీసుకెళ్తున్నారో వాళ్ళకే చెప్పలేదు. తెల్లవారుజామున ఒడ్డున కాపలా ఉన్నవాళ్ళు చూసి కేకలేశారు, ఊరంతా లేచింది, ఆడవాళ్ళు, పిల్లలు, కంచె పడగొట్టుకుని నది ఒడ్డుకి పరిగెత్తారు. మొదటి తూటా ఎవరు పేల్చారో? ఇటువాళ్ళు అటు చూపించారు, అటువాళ్ళు ఇటు చూపించారు. అక్కడ "ఎవరో పేల్చారు, ఎవరన్నది తేలలేదు" అని నిజాయితీగా రాయి, "కాల్పులు జరపబడ్డాయి" అని మాత్రం రాయకు. ఆ రెంటికీ చాలా తేడా ఉంది, మొదటి దాంట్లో నువ్వు వెతికావు, రెండో దాంట్లో వెతకలేదు.

సాయంత్రం అయిదింటికి పింకర్టన్లు లొంగిపోయారు. ఏడుగురు కార్మికులు, ముగ్గురు పింకర్టన్లు పోయారు. నా మాట పట్టుకుని ఇప్పుడు అన్నీ కంపెనీ ఖాతాలో వేసేస్తావేమో, అదీ తప్పే. సైలస్ వెయిన్ అని ఒకతను, ఇంగ్లండ్ నుంచి వచ్చినవాడు. పింకర్టన్ల పడవల మీదకి కార్మికులే నది అవతలి ఒడ్డు నుంచి ఫిరంగి పేల్చారు, ఆ గుండు గురితప్పి ఇటు ఒడ్డున నిలబడ్డ ఇతనికి తగిలింది. తనవాళ్ళే చంపుకున్నారు. "చంపబడ్డారు" అనేసరికి ఇది కూడా పోయింది చూడు. జోసెఫ్ సొతాక్, పీటర్ ఫారిస్, ఈ ఇద్దరూ స్లోవాక్‌లు, పింకర్టన్ల తూటాలకి పోయారు. లొంగిపోయిన పింకర్టన్లని ఊళ్ళోకి నడిపించేటప్పుడు రెండు వైపులా నిలబడి మగా ఆడా వాళ్ళని రక్తం వచ్చేలా కొట్టారు, అది కూడా రాయి, కొట్టినవాళ్ళు మనకిష్టమైనవాళ్ళని దాచకు. చెయ్యి ఎవరిదైతే వాళ్ళది. తర్వాత వారానికి గవర్నర్ 8,500 మంది సైన్యాన్ని దింపాడు, వాళ్ళ కాపలాలో కొత్త కూలీల్ని లోపలికి తోలారు, నవంబర్‌కి యూనియన్ చేతులెత్తేసింది. ఆ తర్వాత పన్నెండు గంటల డ్యూటీ, పగలు రాత్రి షిఫ్టులు మారే రోజున వరసగా 24 గంటలు. ఉక్కు మిల్లుల్లో ఎనిమిది గంటలు రావడానికి 1923 అయింది.

ఇంక నీ పన్నెండో పేజీ, కార్నెగీ. "ఆయన జీవితం నేటి యువతకు స్ఫూర్తిదాయకం." ఈ స్ఫూర్తి అన్న మాట మీద నాకు పాత కోపం ఉంది, దాచుకోను. తొంభైల నుంచి ఆదివారం అనుబంధాల వాళ్ళు నన్ను ఈ మాటతోనే చంపారు. మిల్లు మీద నేను రాసిన కథ ఒకాయన వెనక్కి పంపాడు, నెగెటివ్‌గా ఉంది, పాఠకుడికి స్ఫూర్తి ఉండాలి అని. ఒకటి కాదు, నాలుగు కథలు అలాగే వెనక్కొచ్చాయి. పేదవాడు పెద్దవాడయ్యాడు, అంతే కావాలి వాళ్ళకి, ఎలా అయ్యాడు, ఎవరి మీద నుంచి నడిచి అయ్యాడు, అది వద్దు. నువ్వు ఆ ఫ్యాషన్‌లో పడకు.

కార్నెగీ కథ నిజంగా రాయాలంటే స్ఫూర్తి కంటే పెద్ద కథ ఉంది. నాన్న స్కాట్లండ్‌లో డన్‌ఫర్మ్‌లిన్ అనే ఊళ్ళో చేనేత, పూలపూల నార గుడ్డలు నేసేవాడు. ఆవిరి మగ్గాలొచ్చాయి, నేత పని పోయింది. మన పొందూరులో, మంగళగిరిలో ఎవరినడిగినా ఆ ఇల్లు ఎలా ఉంటుందో చెప్తారు, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పనిలేకుండా కూర్చున్న మనిషిని చూడ్డం ఎలా ఉంటుందో. మగ్గాలు అమ్మేశారు, ఆ డబ్బు ఓడ టికెట్లకి చాల్లేదు, వాళ్ళమ్మ స్నేహితురాలి దగ్గర 20 పౌండ్లు అప్పు చేసింది. 1848లో అమెరికా వచ్చారు, పన్నెండేళ్ళ పిల్లాడు బట్టల మిల్లులో వారానికి డాలర్ 20 సెంట్లకి కండెలు మోశాడు. నాన్న ఇక్కడ కూడా మగ్గం వదల్లేక టేబుల్ గుడ్డలు నేసి ఇంటింటికీ తిరిగి అమ్మాడు. ఆ పిల్లాడే పెద్దయ్యి 1886లో పత్రికకి వ్యాసం రాశాడు, పక్కవాడి ఉద్యోగం లాక్కోకూడదన్నది మంచి పనివాళ్ళ మధ్య రాయని చట్టం అని. ఆరేళ్ళు తిరిగేసరికి, నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి, నీ వెనక నేనున్నా అని ఫ్రిక్‌కి రాసి తను స్కాట్లండ్‌లో కూర్చున్నాడు. 1901లో మోర్గాన్ అనే బ్యాంకరుకి కంపెనీ అమ్మేటప్పుడు కాయితం మీద అంకె రాసి పంపించాడు, 48 కోట్ల డాలర్లు, మోర్గాన్ చూసి సరే అన్నాడు. లైబ్రరీలు కట్టించాడు, అమెరికాలోనే 1,600కి పైగా, అది చిన్న పని అనను, లైబ్రరీ లేకపోతే నేను లేను. హోమ్‌స్టెడ్ పక్కనే 1898లో ఒకటి తెరిచాడు. పన్నెండు గంటలు కొలిమి ముందు నిలబడి ఇంటికొచ్చినవాడు అక్కడికెళ్ళి పుస్తకం ఎప్పుడు తెరుస్తాడు? ఇదంతా ఒక్క మనిషిలోనే జరిగింది. దీన్ని "స్ఫూర్తిదాయకం" అని ఒక్క మాటలో మూసేస్తావా?

రాక్‌ఫెల్లర్ మీద నాలుగు పేజీలు తీసెయ్. గూగుల్ చేస్తే దొరికేవే.

ఎల్లిస్ ఐలండ్ పేజీ ఉంచు, న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్ళని తనిఖీ చేసిన చోటు అది, కానీ సగమే రాశావు. 1892 జనవరి 1న తెరిచారు, అంటే హోమ్‌స్టెడ్ గొడవ ఏడాదే, ఆ రెంటినీ నువ్వు వేరే వేరే అధ్యాయాల్లో పెట్టావు, పక్కపక్కన పెట్టి చూడు. అక్కడ ఆఫీసరు ఒక ప్రశ్న అడిగేవాడు, ఇక్కడ నీకు ఉద్యోగం కుదిరిందా అని. ఉంది అంటే వెనక్కి పంపేవాళ్ళు. 1885 చట్టం అది, కంపెనీలు బయట దేశాల్లో ముందే ఒప్పందాలు రాయించుకుని చవక కూలీల్ని దించుతున్నాయని చేశారు. ఉద్యోగం లేదు, కానీ పని చెయ్యగలను అనాలి. మీ ఆయనకి హెచ్ వన్ బీ అన్నావు కదా. ఉద్యోగం ఇచ్చేవాడు ముందు కాయితం పెడితేగాని మీరు విమానం ఎక్కలేకపోయారు. ఉద్యోగం ఉందంటే వాళ్ళని వెనక్కి తోశారు, లేదంటే మిమ్మల్ని తోస్తారు. ఇది నీకు తప్ప ఇక్కడ కూర్చున్న నాకు తట్టే విషయమా? నువ్వు రాయలేదు!

ఆ స్లోవాక్ కుర్రాళ్ళు ఎక్కడ పడుకున్నారో వెతికావా? రెండు గదుల ఇంట్లో అద్దెకి, నెలకి 3 డాలర్లు, పడకా వంటా బట్టలుతుకూ కలిపి, సరుకుల ఖర్చు వేరే. రాత్రి షిఫ్టువాడు లేచిన పక్క మీద పగటి షిఫ్టువాడు వచ్చి పడుకునేవాడు, పక్క చల్లారేది కాదు. ఆ ఇంటి ఇల్లాలు వాళ్ళందరికీ వండేది, అందరి బట్టలూ ఉతికేది, ముందు వాకిట్లో పంపు దగ్గర నీళ్ళు మోసేది, మసి పట్టిన బట్టలు. ఏ లెక్కలోనూ ఆవిడది ఉద్యోగం కాదు. మీ పిన్ని కొడుకు న్యూజెర్సీ గెస్ట్ హౌస్‌లో కార్పెట్ మీద ఎనిమిదిమందితో పడుకుని ప్రాజెక్టు కోసం ఎదురుచూసిన రోజుల గురించి రెండేళ్ళ కింద నువ్వే నాకు రాశావు, ఎవరు వండేవాళ్ళో కూడా రాశావు. ఆ ఉత్తరంలో ఒక్క "బడింది" లేదు. వ్యాసం అనగానే ఎక్కడినుంచి వచ్చింది ఇది?

ఇరవై ఒకటో పేజీ గురించి చెప్పాలి. దాని కోసమే అసలు ఈ ఉత్తరం రాస్తున్నా. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికెళ్ళి వస్తూ హోమ్‌స్టెడ్‌లో మిల్లున్న చోట ఇప్పుడున్న షాపింగ్ మాల్ దగ్గర కారు ఆపారు, వరసగా నిలబడ్డ పన్నెండు ఇటుక పొగ గొట్టాలు చూసి నీ కూతురు "అమ్మా, ఇవెవరు కట్టారు?" అనడిగితే నువ్వు చెప్పలేకపోయావు. మూడు లైన్లు రాసి వదిలేశావు. నేను ఆ మూడు లైన్లు చదివి చాలాసేపు కిటికీ దగ్గర కూర్చున్నా. ఆరేళ్ళ పిల్ల అడిగింది చూడు, ఎప్పుడు కట్టారు అని కాదు, ఎన్ని అడుగులు అని కాదు. ఎవరు అని.

ఆ తర్వాత వెంటనే "1986లో మిల్లు మూతపడింది" అని రాశావు. మళ్ళీ! పడింది! తలుపు గాలికి మూతపడుతుందమ్మా, మిల్లు మూతపడదు. అది అప్పటికి యూఎస్ స్టీల్ కంపెనీది. మిల్లుల్లోంచి మనుషుల్ని తీసేస్తున్న ఆ రోజుల్లోనే, 1982లో, ఆ కంపెనీ 600 కోట్ల డాలర్లకి పైగా పెట్టి మారథాన్ అనే ఆయిల్ కంపెనీని కొంది. జపాన్ ఉక్కు చవగ్గా వస్తోంది, కొలిములు పాతబడ్డాయి, అవన్నీ కూడా ఉన్నాయి, రాయి, కానీ డబ్బు ఉండీ కొలిమి మీద పెట్టకుండా ఇంకెక్కడ పెట్టాలో ఒక గదిలో కూర్చుని కొంతమంది నిర్ణయించారు. మూసేశారు. ఇంకోటి గమనించావా, మనవాళ్ళు కొండ మీద ఆ గుడి కట్టుకున్నది 1970ల్లో, 1965లో చట్టం మార్చి తలుపు తీస్తే వచ్చిన డాక్టర్లు, ఇంజినీర్లు, తిరుమల దేవస్థానం సాయంతో. అంటే ఓ పదేళ్ళు గుడిలో సుప్రభాతం, కింద నది ఒడ్డున మిల్లు సైరను, రెండూ నడిచాయి. ఆ పదేళ్ళు చూసినవాళ్ళు మీ గుడిలో ఇంకా ఉంటారు, డెబ్భై ఎనభై ఏళ్ళవాళ్ళు, ప్రసాదం తీసుకుని అరుగు మీద కూర్చుంటారు. వాళ్ళనడుగు. మిల్లులో పని పోయినవాళ్ళని చూశారా, పక్కింట్లో ఉన్నారా, ఏం మాట్లాడారు, మాట్లాడలేదా. ఎవరూ అడక్కుండానే వాళ్ళు వెళ్ళిపోతే మళ్ళీ ఒక్క ఉత్తరం కూడా మిగలని కథే అవుతుంది.

వ్యాసాన్ని ఆ గొట్టాల దగ్గర మొదలెట్టు. పిల్ల ప్రశ్నతో. మిగతా 21 పేజీలు దానికి జవాబు.

ముందు ఏడో పేజీ ఒక్కటీ తిరగరాసి పంపు, మొత్తం వద్దు. రాసే ముందు ఒక పని చెయ్యి. ఆనాటి పంప్ హౌస్ ఇంకా ఉందిట కదా నది ఒడ్డున, పింకర్టన్ల పడవలు ఆగిన చోటు. ఒకరోజు తెల్లవారుజామున, మంచు కరిగాక, అక్కడికెళ్ళి నీళ్ళ దగ్గర నిలబడు. మీ ఆయన్ని అవతలి ఒడ్డుకి పంపించు, ఫిరంగి పెట్టిన వైపు. అక్కణ్ణుంచి ఇవతల నిలబడ్డ మనిషి మొహం కనిపిస్తుందా, మనిషి అని మాత్రమే తెలుస్తుందా, అది చూసి నాకు రాయి.

పిల్లకి నా ముద్దులు.

మీ మాస్టారు